యుఫ్రేజీ ఇంటికి కుళాయి

కొండ మీద పసుపు రంగు ఇల్లు. ఉదయం పదకొండు గంటలు. గుమ్మంలో ఇంటి కూతురు క్లోటిల్, ముంగిట్లో పైపులు దింపిస్తున్న నీటి శాఖ ఇన్‌స్పెక్టర్ కాసియస్.

“అటు కాదు, ఇటు. పైపు వంటింటి వైపు రావాలి.”

“తెలుసక్కా. గుమ్మం ముందు నించి తిప్పితే దగ్గరవుతుందని...”

“అక్కనా? మొన్నటిదాకా ‘మేడమ్, పక్కకి జరగండి’. ఇవాళ అక్కనెప్పుడయ్యాను కాసియస్?”

“ఇలాంటి రోజున ఆ మాటలెందుకులే. ఏడింటి రేడియోలో మామ్మ పేరు వినగానే నా చేతిలో కప్పు జారిపోయింది. చావు కబుర్లు చదివేవాడు కూడా ఇవాళ గొంతు మార్చి చదివాడు. ‘మంత్రసాని మామ్మగా అందరికీ తెలిసిన యుఫ్రేజీ’ అని...”

“మనవళ్లలో ఇద్దర్ని మింగేశాడు వెధవ. మొత్తం పదకొండు మంది పేర్లు రాసిచ్చాను.”

“మా అమ్మకి నా పురుడు పోసింది మామ్మే, తెలుసా?”

“నీదీ పోసింది, నీ మంత్రిదీ పోసింది. నీ మంత్రి ఎదురుకాళ్లతో పుట్టాడు. అప్పట్నించీ వాడు చేసేవన్నీ తలకిందులే.”

“మెల్లిగా అక్కా! ఒంటిగంటకి ఆయనే వస్తున్నారు, టీవీ వాళ్లతో. దండ తెస్తున్నారు.”

“తెస్తాడు. వచ్చే నెల ఓట్లు కదా.”

“అది కాదక్కా, మామ్మ మీద గౌరవం.”

“తొమ్మిదింటికి ట్యాంకరొచ్చింది. తొమ్మిదిన్నరకి కుర్చీలు. పదింటికి మలుపు దగ్గర గుంట పూడ్చేశారు. ఆ గుంట నా పెళ్లప్పుడు పడింది. ఇంత చేతనైన ప్రభుత్వం ఈ దీవిలో ఉందని నాకు ఇన్నాళ్లూ తెలీదు సుమా!”

“నన్నంటే ఏం లాభం? పైనించి ఏ ఆర్డరొస్తే అది చేస్తాను.”

“పైనించి ఏమని వచ్చింది ఆర్డరు?”

“ఏముంది... కింది ఊళ్లో ముసలాయన పోయినప్పుడు మంత్రిగారు పరామర్శకెళ్తే, వాళ్లు ఖాళీ బకెట్లు వరసగా పేర్చి పెట్టారు కదా, టీవీ వాళ్ల ముందు. దేశమంతా చూసింది. అప్పట్నించీ చావింటికి ముందు నీళ్లెళ్లాలి, తర్వాత ఆయనెళ్తారు.”

“ఆ, అది అందరికీ తెలిసిందేలే.”

“ఏంటి?”

“ఏంలేదు. తవ్వించు, తవ్వించు. ఆ రాయి కింద నించి పోనీ.”

“ఒక్కసారి లోపలికెళ్లి మామ్మని చూసి దణ్ణం పెట్టుకొస్తాను.”

“వద్దు.”

“ఒక్క నిమిషం.”

“వద్దన్నానా? స్నానం చేయించాలి. నీళ్లేవి? రానీ ముందు.”

“ట్యాంకర్ నీళ్లున్నాయిగా?”

“ట్యాంకర్ నీళ్లతో మా అమ్మకి స్నానమా? అందులో కప్ప ఉంది. నువ్వు చూశావా? నేను చూశాను.”

“సరే, సరే. అవునక్కా... ఏడుపులు వినపడవేం ఇంట్లో?”

“రెండేళ్ల నించీ మీ కౌంటర్ దగ్గరే ఏడ్చేశాం. ఇంకేం మిగల్లేదు.”

“ఎన్నిసార్లొచ్చావనీ, నువ్వు కూడా...”

“ఐదు అర్జీలు. మొదటిదాన్ని ఎలకలు కొట్టేశాయన్నావు. రెండోదానికి స్టాంపు లేదన్నావు. మూడోది వేరే కిటికీ అన్నావు. ఆ వేరే కిటికీ మూసుండి పదేళ్లయింది. నాలుగోది నేనిస్తే, ఇంటావిడ స్వయంగా రావాలన్నావు. ఐదోసారి మా అమ్మ వచ్చింది. ఎనభై ఆరేళ్లు. కర్ర పట్టుకుని, రెండు బస్సులు మారి. ఏమన్నావు?”

“గుర్తు లేదక్కా.”

“‘ముసలావిణ్ణి ఎందుకు తిప్పుతారండీ, కాగితం పంపితే చాలుగా’ అన్నావు.”

“అప్పుడు పైపులు లేవు. నిజంగా లేవు. ఒట్టు.”

“లేవా? పక్కింటి వెర్నీస్ దాకా ఎలా వచ్చాయి? అక్కడ్నించి మా గుమ్మానికి పద్దెనిమిది అడుగులు. నేనే కొలిచాను. పద్దెనిమిది అడుగుల పైపు లేదా దేశంలో?”

“వెర్నీస్ ఇంటితో ఆ జాబితా అయిపోయింది.”

“వెర్నీస్ ఇల్లు ఎరుపు. మాది పసుపు. అదీ నీ జాబితా.”

“నేనన్లేదు ఆ మాట!”

“అనక్కర్లేదు. తుఫాను పోయాక సాయమని తలో రంగు డబ్బా పంచారు. మా వంతుకి పసుపొచ్చింది. గోడలు నానిపోతుంటే అది మీ మంత్రికి పడని పార్టీ రంగని చూసుకుంటూ కూర్చుంటామా?”

“ఎవరితోనైనా మార్చుకోవాల్సింది. ఈ దీవిలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు కదక్కా, పసుపు వేసుకుంటే ఏమవుతుందో.”

“చూశావా! ఇప్పుడన్నావు.”

“అబ్బ! నీతో మాట్లాడ్డం నా తప్పు. ఒరే బోనిఫాస్, ఆ బిగింపు సరిగ్గా వెయ్యి!”

“మూడు వారాల కిందట ఊట దగ్గర జారి పడింది మా అమ్మ. బకెట్టు ఒకపక్క, తనొకపక్క. నేను వెళ్లేసరికి ఆ రాళ్ల మీద కూర్చుని ఏమందో తెలుసా? ‘నీళ్లొలికిపోయాయే, తిట్టకు’ అంది.”

“అయ్యో. దానివల్లేనా మరి... పోయింది?”

“ఏం, కాగితంలో రాసుకుంటావా?”

“కాదు, ఊరికే అడిగా. అదేంటి, లోపల ఎవరో దగ్గారు?”

“మా పిన్ని.”

“పిన్ని ఊళ్లో లేదుగా?”

“వచ్చింది. చావు కబురు విన్న వాళ్లు రారా? నువ్వు రాలేదూ? బిగించారా లేదా ఆ కుళాయి?”

“బిగించారు. తిప్పు చూద్దాం.”

“నువ్వే తిప్పు.”

“ఇదిగో... గాలి తన్నుతోంది... ఆ! వచ్చాయి. వచ్చాయక్కా! ముందు ఎర్రగా వస్తాయి, తర్వాత తేటపడతాయి. అయ్యో, ఏడవకక్కా.”

“ఏడవడం లేదు. రిజిస్టరు తియ్యి.”

“రిజిస్టరెందుకిప్పుడు? రేపు తీరిగ్గా రాసుకుంటాం. మంత్రిగారొచ్చే వేళయింది.”

“ఇప్పుడే. పోయినేడు లూసియన్ వాళ్లింట్లో చావుకని పైపు వేశారు. తొమ్మిదో రోజు ప్రార్థనలయ్యాయో లేదో, పీక్కుపోయారు. మీటరు నంబరు రిజిస్టర్లో ఎక్కలేదు కాబట్టి అది తాత్కాలికం అన్నారు. ఎవరన్నారు?”

“...నేనే.”

“రిజిస్టర్లో ఎక్కితే?”

“ఎక్కితే ఇంక ఎవరూ పీకలేరు. మంత్రి కూడా.”

“రాయి మరి.”

“ఇంట్లో మనిషి పోయి పడుంటే మీటరు నంబరేంటక్కా! జనం ఏమనుకుంటారు?”

“జనం సంగతి నేను చూసుకుంటా. రాయి!”

“సరే, రాస్తున్నా. నంబరు... నాలుగు, సున్నా, ఏడు, రెండు. ఇల్లు ఎవరి పేరు మీదుంది?”

“మా అమ్మ పేరు మీద.”

“అయితే కుదరదు.”

“ఏం కుదరదు?”

“ఇంటావిడ పేరు మీదే ఇవ్వాలి కుళాయి. ఇంటావిడ పోయింది. పోయినవాళ్ల పేరు రిజిస్టర్లో ఎక్కించకూడదు.”

“నా పేరు రాయి.”

“నీ పేరు రాయాలంటే ఇల్లు నీ పేరుకి మారాలి. కోర్టు కాగితం తేవాలి. ఇంకో రెండేళ్లు పడుతుంది.”

“రెండేళ్లా! అప్పటిదాకా?”

“అప్పటిదాకా... ఇది తాత్కాలికం అక్కా. తొమ్మిదో రోజు దాకా నేను ముట్టుకోను. నా మాట.”

“నీ మొహం! నీళ్లు కళ్లముందు కారుతున్నాయి, తొమ్మిది రోజులంటావా? కాసియస్, ఈ పైపు మీద చెయ్యి వేశావంటే చెయ్యి విరుస్తాను.”

“నన్ను కొడితే రూలు మారుతుందా? రిజిస్టర్లో ఇదిగో ఇక్కడ గీత చూడు. ఇంటి యజమాని సంతకం. అది లేకుండా నంబరు ఎక్కిస్తే నా ఉద్యోగం పోతుంది.”

“ఆ సంతకం ఒక్కటుంటే చాలా?”

“చాలు. అర్జీ ఉంది, మీటరుంది, నీళ్లున్నాయి. సంతకం ఉంటే ఇక దేవుడు దిగొచ్చినా పీకలేడు. కానీ మామ్మ సంతకం ఇంకెక్కణ్ణించి తెస్తావక్కా?”

“కార్లు వస్తున్నట్టున్నాయి.”

“మంత్రిగారే! అవతలికి జరగక్కా, రిజిస్టరు లోపల పెట్టేస్తాను.”

“పెట్టకు. పట్టుకో. అట్లాగే తెరిచి పట్టుకో. అమ్మా! విన్నావా?”

“అమ్మా అంటావేంటి? ఎవర్ని పిలుస్తున్నావు?”

“విన్నానే. పుస్తకం ఇలా పట్రా, నా సంతకం నేనే పెడతాను. కాసియస్‌కి కుర్చీ వెయ్యి క్లోటిల్, పుట్టినప్పుడూ ఇలాగే కిక్కురుమనకుండా బిగుసుకుపోయాడు.”