పేరు పెట్టి పిలిచిన సొరపాదు

రాజనర్సయ్య సొరకాయలు కోస్తాడని మైత్రీవనం వెనక సందులో అందరికీ తెలుసు. ఆయన ఇస్త్రీ బండి దగ్గర నిలబడితే చాలు, చొక్కా మడత పడేలోపు ఒక కోత కోసి చేతిలో పెడతాడు. అయితే ఆ ఆదివారం సాయంత్రం ఆయన నిజంగా సొరకాయ గురించే కోశాడు, అదీ సరదాకి కాదు.

ఎందుకో ఆయన భార్య భూలక్ష్మి ఒక్కదానికే తెలుసు. అపార్ట్‌మెంటు గోడవారన ఉన్న మునగచెట్టుని మర్నాడు పొద్దున కొట్టేయబోతున్నారు. ఆ చెట్టు నీడలోనే వాళ్ళ బండి. ఈ ఏడు చెట్టుకి గొంగళిపురుగులు పట్టి, అసోసియేషన్ ప్రెసిడెంటు రామ్మోహనరావుగారి మనవరాలికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. చెట్టు తీసేసి అక్కడ ఆనపకాయ పందిరి వేద్దామని ఆయన తీర్మానించారు. పందిరి వస్తే బండికి చోటుండదు. ఈ వయసులో మొగుడూ పెళ్ళామూ ఇస్త్రీపెట్టె మోసుకుంటూ ఇంకో సందు వెతుక్కోవాలి. ఆ చెట్టు కొమ్మ తెచ్చి నాటింది భూలక్ష్మే.

సాయంత్రం రామ్మోహనరావుగారు కొలతలు చూసుకోడానికి దిగారు. వెంట ఆయన భార్య కుసుమకుమారి, మూడో అంతస్తులో అద్దెకుండి కోచింగుకి పోయే వివేక్. టీలు వచ్చాయి, కుర్చీలు పడ్డాయి. రామ్మోహనరావుగారు కాకినాడ వైపు మనిషి, సొరకాయని ఆనపకాయంటారు, అదంటే ప్రాణం. గింజ పెడితే రెండు నెలల్లో కాపు, పులుసులోకి, పప్పులోకి, పాలు పోసి కూర, లేత తొక్క పచ్చడికి, ఇలా పొగిడారు. మునగకేముంది, గట్టి గాలొస్తే కొమ్మ విరుగుతుంది, లేకపోతే పురుగులొస్తాయి అన్నారు.

రాజనర్సయ్య ఒప్పుకోలేదు. సొరపాదు పసిపిల్లతో సమానమన్నాడు. రెండు పూటలా నీళ్ళు కావాలి, ఎరువు కావాలి, పాకడానికి పందిరి కావాలి, ఇక్కడ పువ్వు మీద ఈగలూ తుమ్మెదలూ వాలవు కనక పొద్దుగూకాక మగపువ్వు తెంపి ఆడపువ్వుకి మన చేత్తోనే అద్దాలి. ఇంత చేస్తే ఒక్క కాలం బతికి ఎండిపోతుంది. మునగ ఏమడుగుతుంది, కాపయ్యాక కొమ్మలు కత్తిరిస్తే చాలు. ఆకు పప్పులోకి, పువ్వు కూరలోకి, కాయ పులుసులోకి.

"ఎండల నీడ సుత ఇస్తది సార్" అన్నాడు. రామ్మోహనరావుగారు టేపు సాగదీస్తూ ఉన్నారు, వినిపించుకోలేదు.

అప్పుడు మొదలుపెట్టాడు రాజనర్సయ్య. "గీ జాగల నేను ఒకపారి సొరపాదు పెట్టిన సార్. చెయ్యంత కాయ కాసింది."

చెయ్యంత కాయంటే ఎవరు మాత్రం కాదంటారు? పైగా వివేక్, నర్సయ్యన్న చెయ్యి పడితే కాయకుండా ఉంటుందా అని మునగచెట్టెక్కించాడు. ఇంకేముంది, మర్నాటికి ఆ కాయ మనిషంతయింది. పాదు గోడ దిగి, మునగచెట్టు మీదికి పాకి, అక్కణ్ణించి కరెంటు తీగ పట్టుకుని మైత్రీవనం చేరింది. కోచింగ్ సెంటర్ల కిటికీలకి కాయలు వేలాడాయి. లోపల సార్లు పాఠం చెబుతుంటే బయటినుంచి వినేవట, పిల్లలకంటే శ్రద్ధగా. వివేక్ పగలబడి నవ్వాడు.

"నవ్వకు తమ్మీ. గా తర్వాత ఏమైందో ఎరుకేనా?"

సొరపువ్వు తెల్లగా ఉంటుంది, పొద్దువాలాక విచ్చుకుంటుంది. అది అందరికీ తెలిసిందే. కానీ ఆ పాదు పువ్వులు విచ్చుకున్నప్పుడల్లా సందులోవాళ్ళని పేరు పెట్టి పిలిచేవట. అదీ బాగా తెలిసిన గొంతుతో, కన్నతల్లి గొంతుతోనో, ఎప్పుడో పోయిన అక్క గొంతుతోనో. "ఆఁ" అని పలికారో, పలికినవాళ్ళ గొంతు వెళ్ళి ఒక కాయలో చేరేది. ఆ కాయ బరువెక్కి మెల్లగా కిందికి దిగేది. మనిషి మర్నాడు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. పాలాయన సైగలు చేశాడు. ఆకుకూరల మంగవ్వ బుట్ట నెత్తిన పెట్టుకుని కేక వెయ్యకుండా సందంతా తిరిగి వెళ్ళిపోయింది. పాదు అక్కడితో ఆగలేదు. పంజాగుట్ట దాకా పాకింది, ఫ్లైఓవర్ కింద వరసగా కాయలు దిగాయి, ఒక్కో కాయలో ఒక్కో మనిషి గొంతు. అవి గుసగుసలాడుతుంటే కింద అంత ట్రాఫిక్కులోనూ ఒక్కడు హారన్ కొట్టలేదు.

ఇక్కడ సొరపాదు ఏనాడూ లేదని భూలక్ష్మికి తెలుసు. అయినా ఆమె చేతులమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వెలుగు తగ్గింది. పైన మెట్రో రైలు వెళ్ళిపోయాక సందులో ఉన్నట్టుండి నిశ్శబ్దం పడింది. కుసుమకుమారి తన కుర్చీని గోడకి కొంచెం దూరంగా జరుపుకుంది. వివేక్ ఇప్పుడు నవ్వడంలేదు.

"మరి ఎలా పోయిందయ్యా అది?" అని రామ్మోహనరావుగారు అడిగారు. టేపు ఆయన చేతిలోనే చుట్టుకుపోయింది.

మునగచెట్టే సార్, అన్నాడు రాజనర్సయ్య. కొమ్మ విరుగుతుందని దానికి వంక పెడతారు కదా, ఆనాడు అదే పనికొచ్చింది. పాదు పట్టుకున్న కొమ్మల్ని చెట్టు తనంతట తనే విరుచుకుంది. ఒకదాని తర్వాత ఒకటి ఫెళఫెళమని విరిగి పడ్డాయి, పాదూ కూలింది, కాయలు పగిలి ఎవరి గొంతులు వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాయి.

"వేరు మాత్రం చావలేదు సార్. చెట్టు దాని మీద కూసున్నది. చెట్టును లేపిన్రనుకో..." అని ఆపేశాడు.

రామ్మోహనరావుగారు చెట్టు మొదలు వైపు చూశారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, రేపటికి మనుషుల్ని వద్దందామా అని భార్యని అడిగారు. భూలక్ష్మి మనసులో వెయ్యి దండాలు పెట్టుకుంది. ఇంక ఒక్క మాట కూడా వద్దు, ఇక్కడితో చాలించు అని మొగుడి వైపు చూసింది. కానీ ఆయన అప్పటికే చిటారుకొమ్మ మీద ఉన్నాడు.

"నన్ను సుత పిలిచింది సార్. మా అవ్వ గొంతుతోని. నేను సుత పలికిన. నెల దినాలు నా నోట్లకెల్లి ఒక్క మాట రాలె."

భూలక్ష్మి నోరు జారింది. "నెల దినాలు నువ్వు మాట్లాడకుండ ఉన్నవా?"

ముందు వివేక్, తర్వాత కుసుమకుమారి నవ్వారు, చివరికి రామ్మోహనరావుగారు కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. గొంతులు మింగిన కాయల్ని నమ్మారు, ఫ్లైఓవర్ కింద గుసగుసల్నీ నమ్మారు, రాజనర్సయ్య నోరు మూసుకున్నాడంటే మాత్రం ఒక్కరికీ మింగుడుపడలేదు. రామ్మోహనరావుగారు ఫోన్ తిరిగి జేబులో పెట్టుకుని, పొద్దున్నే వచ్చేస్తారు నర్సయ్యా, బండి కాస్త పక్కకి తీసి ఉంచు అన్నారు. తన చేత్తో నాటిన చెట్టుని తన నోటితోనే నరికేశానని భూలక్ష్మికి అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

రాజనర్సయ్య ఏం బదులు చెబుతాడా అని అందరూ చూశారు. ఆయనకి బదులు లేకపోవడం ఎవరూ ఎరగరు. ఆయన భూలక్ష్మి వైపు చూశాడు. కోపం లేదు. చెట్టు వైపు చూశాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. గొంతు కదులుతోంది కానీ చప్పుడు లేదు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, చెయ్యి గొంతు మీదికి పోయింది.

యాక్టింగ్ చాలన్నా, అన్నాడు వివేక్. ఆ మాట అంటున్నప్పుడే వాడి నవ్వు సగంలో ఆగిపోయింది. కుసుమకుమారి మొగుడి చొక్కా పట్టుకుని, "ఏవండీ, ఆ చెట్టు జోలికి వెళ్ళద్దు" అంది. రామ్మోహనరావుగారు అక్కడే నిలబడి ఫోన్ చేశారు. రేపు రావద్దన్నారు. ఎల్లుండీ వద్దు, అసలు వద్దన్నారు. తర్వాత ముగ్గురూ వెనక్కి చూడకుండా మెట్లెక్కేశారు. కుర్చీలు తీసుకెళ్ళడం కూడా మరిచిపోయారు.

వాళ్ళు కనుమరుగయ్యాక భూలక్ష్మి మొగుడి భుజం మీద చరిచింది. సంతోషంతో ఆమెకి ఏడుపొచ్చింది. ఎంత పని చేసినవయ్యా, అందరు పోయిండ్రు, ఇగ మాట్లాడు అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకా వేషమే అనుకుని నవ్వింది. బండి మీద పరదా కప్పింది, కుర్చీలు గోడకి చేర్చింది, ఆయన ఏదో ఒకటి అంటాడని చెవి అటే పెట్టి ఉంచింది. ఆయన చెట్టు కిందే నిలబడి పెదవులు కదుపుతున్నాడు.

భూలక్ష్మి చేతిలో పని వదిలేసి దగ్గరికి వచ్చింది. పెళ్ళయిన నాటినుంచీ నోర్మూసుకోమని ఆయనతో మొత్తుకున్న మనిషి, ఆయన గడ్డం రెండు చేతుల్తో పట్టుకుంది.

"నన్ను తిట్టన్న తిట్టు. ఒక్క మాట అను."