మేకతో మాట

ఆ రోజు సూళగిరి ఇంట్లో ఆశ, అవ్వ వెంకటమ్మ, గడప దగ్గర కట్టేసిన మేక ఉన్నారు. మర్నాడు కృష్ణగిరిలో ఆశకు కాలేజీ కబడ్డీ సెలెక్షన్. ఆ కాలేజీలోనే చదివే శోభన, కాలేజీ బ్యాడ్జీ పెట్టుకుని వచ్చింది.

"సెలెక్షన్‌కు ముందు మా కాలేజీ స్టూడెంట్లు ఆటగత్తెతో మాట్లాడకూడదవ్వా. మాట్లాడితే ఆశ పేరు కొట్టేస్తారు. అందుకే మేకతో చెప్తాను. మేకా, మా కాలేజీకే రా, హాస్టల్లో దినమూ గుడ్డు పెడతారు."

"చదువు బాగా వంటబట్టినాది తల్లీ! మా మేక గుడ్డు తినదు. నీ మోకాలికి ఆ పట్టీ ఏంది?"

"ఆటలో దెబ్బ తగిలినాదవ్వా."

"మరి ఆట?"

"నన్ను ఆటలోంచి నిలిపేసినారు. బదులుగా ఈ బ్యాడ్జీ ఇచ్చి, కొత్త ఆటగత్తెల్ని పిలుచుకుని రమ్మనినారు."

ఆశ గడప దగ్గరికి వచ్చింది. "అక్కా, వైద్యం ఖర్చు ఎవరు..."

"నోరు మూయే! నువ్వు మాట్లాడితే పేరు పోతాదంట. అడిగేది మేక అడుగుతాది," అంటూ అవ్వ ఆశ ముఖం మీదే తలుపు వేసింది.