డొట్సే బావ నిద్రపోయిన రోజు

ఆ కల్లు బుర్ర అక్కడ పెట్టి ఇలా రా, సెనా. రాత్రి నిద్రకి మాత్ర వేసుకుంటున్నానని ఇందాకే కదా అన్నావు? మరి చేతిలో అదేంటి? కొంచెమేనా? ఇలాంటి మాటే మా డొట్సే బావ కూడా అన్నాడు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మా అక్క మొగుడు. ఈ ఆన్లోగా ఊళ్లో ఆయన బాకా లేకుండా పెళ్లి గానీ చావు గానీ జరిగేది కాదు. మనిషి పొట్టి, బాకా పొడుగు. దూరం నుంచి చూస్తే బాకాయే ఆయన్ని మోసుకొస్తున్నట్టుండేది. అలాంటివాడు మా అక్క పోయాక నిద్రకి మొహం వాచిపోయాడు. తెల్లార్లూ వాకిట్లో కూర్చుని ఊరి పక్క ఉప్పునీటి కయ్య వైపు చూస్తుండేవాడు. చూడలేక నేనే పోరు పెట్టి డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన మందిచ్చి, మందు తాగొద్దన్నాడు. బావ తిరిగొచ్చి, "మరదలా, ఇవాళ్టి నుంచి సారా బంద్!" అన్నాడు. మంచిదే అనుకున్నాం. కల్లు సంగతి మాత్రం ఎత్తలేదు. తర్వాత ఎవరో అడిగితే ఏమన్నాడో తెలుసా? "కల్లుదేముందయ్యా, చెట్టు పాలు. పసిపిల్లలకైనా పట్టొచ్చు" అన్నాడట.

ఇక చూడు, మా పక్కింటి యావా మనవడికి పేరు పెట్టే రోజు. ఊరంతా వచ్చింది. మేకని కోశారు, మొక్కజొన్న ముద్ద గంగాళాల్లో తిప్పుతున్నాం, నా చేతులు బొబ్బలెక్కాయి... ఆ, ఎక్కడున్నాను? బావ. రాత్రి కునుకు పట్టలేదని పొద్దున ఇంకో మాత్ర వేసుకొచ్చాడు. కాసేపు వాయించాడు. వాయించి బాకా పక్కన పెట్టి, గోడకి జారబడి రెండు బుర్రలు లాగించాడు. అంతే, తల వాలిపోయింది. అందరికీ నవ్వులాట. పిల్లలు ఆయన టోపీలో పువ్వులు గుచ్చారు. "పోన్లెండమ్మా, ఇన్నాళ్లకి నిద్రపట్టింది పాపం, లేపకండి" అంది యావా. మాకూ సంతోషమే వేసింది. చూడు మరి, కళ్లెదుట మనిషి పోతుంటే చుట్టూ కూర్చుని సంతోషపడ్డాం!

అప్పుడు వాయిస్తున్నవాడు అగ్బెకో. రెండో బాకా. వాడికీ బావకీ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఎందుకంటావా, ఒకసారి బావ నలుగురిలో "నీ బాకా దగ్గొచ్చిన మేకలా ఉంది" అన్నాడు. అదీ పగ! అలాంటి అగ్బెకో పాట సగంలో ఆపేసి, "అందరూ నోళ్లు ముయ్యండి" అని ఒక్క అరుపు అరిచాడు. వచ్చి బావ నోటి దగ్గర చెవి పెట్టాడు. "ఇది గురక కాదు. ఒకసారి పీల్చి మళ్లీ పీల్చడం మర్చిపోతున్నాడు" అన్నాడు. అప్పుడు చూశాం, పెదాలు బూడిద రంగు. గిల్లాడు, పిలిచాడు, చెంప మీద కొట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒకావిడ కాఫీ పట్టుకు పరిగెత్తుకొచ్చింది, నోట్లో పోద్దామని. "గొంతుకడ్డం పడి చస్తాడు, పో అవతలికి!" అని కసిరి, బావని పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. ఉల్లిపాయల లారీ ఉంటే బస్తాల మీదకి ఎక్కించాం. దారంతా అగ్బెకో ఆయన చెవిలో "పీల్చు! పీల్చవయ్యా! నీతో నాకింకా లెక్క తేలలేదు, పీల్చు!" అని అరుస్తూనే ఉన్నాడు. నేను కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నాను.

ఆసుపత్రిలో గొట్టాలు పెట్టి ఊపిరి ఆడించారు. డాక్టరు నాతో అన్నాడు, "అమ్మా, మాత్రా జోకొడుతుంది, కల్లూ జోకొడుతుంది. రెండూ కలిస్తే ఊపిరి కూడా నిద్రపోతుంది. ఇంకాస్త ఆలస్యమైతే తెచ్చి లాభం ఉండేది కాదు" అని. మర్నాడు బావ కళ్లు తెరిచాడు. పక్కన అగ్బెకోని చూసి, గొంతు పెగలకపోయినా, "ఈ మేకెందుకొచ్చిందే ఇక్కడికి?" అన్నాడు. అగ్బెకో నవ్వాడు, నవ్వుతూనే భోరుమన్నాడు. నర్సు వచ్చి ఇద్దర్నీ కోప్పడింది.

ఆ తర్వాత బావ చుక్క ముట్టలేదు. మాత్రలు కూడా డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించి మానేశాడు. సాయంత్రాలు అగ్బెకో వచ్చి బిళ్లలాట ఆడేవాడు, అరుచుకునేవాళ్లు, ఆ అరుపులకే బావ అలిసిపోయి పడుకునేవాడు. కానీ ఏ విందుకెళ్లినా ఒకటే గోల. బుర్ర ఎత్తిన ప్రతివాడి దగ్గరికీ వెళ్లి, "నువ్వేం మాత్రలు వేసుకుంటున్నావు?" అనేవాడు. పెళ్లికొడుకుని కూడా వదల్లేదు, సిగ్గుతో చచ్చాం. బాగా ముసలాడయ్యాకే పోయాడులే. ఆ రోజు మధ్యాహ్నం నా ఇంట్లోనే బెండకాయ పులుసుతో సుష్టుగా తిని, "మరదలా, ఉప్పు తక్కువేశావు" అని చాప మీద నడుం వాల్చాడు. నాకు ఒళ్లు మండింది. గరిటతో రుచి చూశాను, సరిగ్గానే ఉంది. ఇదేం మాటని అడుగుదామని వెళ్లేసరికి...

ఆ? ఏమన్నావు? కల్లు వద్దంటావా? కూర్చో మరి, చేతులు కడుక్కో. చేప ఉంది, వడ్డిస్తాను.