గట్టు కంది

శృంగవరపుకోట దగ్గర కొండవాలు మెట్టలో, కొత్తగా వేసిన మట్టిగట్టు మీద ఇద్దరు. భూమి నరసింగరావుది. దాన్ని పదకొండేళ్లుగా సగపాలుకి దున్నుతున్నవాడు గంగరాజు. వాన నీటికి మట్టి కొట్టుకుపోకుండా గట్లు వేయించిన భూస్వామికి సర్కారు సగం ఖర్చు ఇస్తోంది. ఆ కాగితాలు ఇవాళే ఆఫీసుకు చేరాలి. గంగరాజు బొటనవేలికి సిరా అయితే పూశారు గానీ, అతను ఇంకా వేలు కాగితం మీద పెట్టలేదు.

"ఆగండి బాబూ. నా పేరు పక్కన ఏటి రాసున్నాది?"

"ఏటుంటాది? మామూలే. ఏలు పెట్టు."

"మామూలంటే?"

"కూలీ అని. నువ్వూ నీ పెళ్లాం అసిరమ్మా, నలబై రోజులు. కూలి ముట్టినట్టు ఏలిముద్ర ఉంటేనే సర్కారు సొమ్మొస్తాదిరా."

"కూలెక్కడ ముట్టినాది బాబూ?"

"ఇస్తానన్నాను కదా! వచ్చిందాంట్లో వంద నీదే. పెట్టు."

"వంద మాట కాదు. నాను కూలోడినా?"

"కాయితం మీదరా! కాయితం మీద ఏటైతే నీకేటి?"

"రేపు మీరు పొమ్మంటే? ఈ భూమి నాను దున్నినానని సెప్పడానికి నాకాడ ఏటుంటాది?"

"ఎవడు పొమ్మన్నాడ్రా నిన్ను?"

"మీ పెద్దబ్బాయి ట్రాక్టరు కొంతన్నాడట."

"ఎవరు సెప్పినారు?"

"కొంతన్నాడా, లేదా?"

"ఆడి ట్రాక్టరు ఆడిష్టం. ఎండెక్కిపోతన్నాది, పెట్టరా!"

"ట్రాక్టరొస్తే నలుగురు పిల్లల్తో నానెక్కడికి ఎల్లాల?"

"నాను బతికుండగానే ఆ మాటలేటిరా? నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉన్నాది బాబూ. ఆ మాటే రాయండి. కూలీ కొట్టీసి, కౌలుదారు అని."

"రాయను."

"ఎందుకు?"

"రాయనంటే రాయను. రేపు నువ్వు కోర్టుకెక్కితే?"

"పోనీ ఒక్కటి సెప్పండి. మొన్న శుక్రవారం ఇనస్పెక్టరుగారు ఈ గట్టు మీద కంది మొక్కలు సూసి కోప్పడినారు కదా?"

"కోప్పడ్డమా! కొత్త గట్టు గుల్ల సేసీసినారు, సొమ్ము కోసీస్తానన్నాడు. అంతా నీ వల్లే! గట్టు మీద కంది ఎవడెయ్యమన్నాడు నిన్ను?"

"మీ నాన్నగారి కాలం నుంచీ ఉన్న వాడుకే కదా. సేలో పంటకి పాలు, గట్టు కందికి పాలు లేదు. అది దున్నినోడిదే."

"ఆ మాట సెప్పే తప్పించుకున్నాను."

"ఏటని సెప్పినారు?"

"కంది నాది కాదు, నాకేటీ తెలీదు, గంగరాజుదీ అన్నాను."

"ఊరికే అంటే ఒగ్గీసినారా?"

"రాసిమ్మన్నాడు. రాసిచ్చినాను, నాలుగు ముక్కలు."

"ఆ నాలుగు ముక్కలూ ఆయన నాకు సదివి ఇనిపించినారు బాబూ."

"నీకా? ఎందుకు?"

"నన్ను తిట్టడానికి. తిట్లు మర్సిపోనాను. ముక్కలు గుర్తున్నాయి."

"ఏటి... ఏటున్నాది అందులో?"

"మీరు రాసిందే. గట్టు కందితో నాకు సమ్మంధం లేదు, పదకొండేళ్లుగా ఈ భూమి కౌలుకి సేస్తన్న గంగరాజుదీ అని. కింద మీ సంతకం. ఉండండి బాబూ, ఏలు కడుక్కొచ్చీస్తాను."