మిలానులో మూడో చెయ్యి

మకరోనీలు చేసి అమ్మే సవేరియో గారు కూతురికి పియానో కొన్నారు. ఇక నేర్పే మాస్టారు దొరకాలి. ఆ పని తనకు రాకపోతే ఈ చలికాలం ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదని లిబోరియో మాస్టారికి బాగా తెలుసు. అందుకే ఆ సాయంత్రం నేపుల్స్‌లో, తన వాకిట్లో, సవేరియో గారికి కుర్చీ వేసి మరీ మొదలుపెట్టాడు. పక్కన చెప్పులు కుట్టే అనియెల్లో. గడప మీద చిక్కుళ్లు ఒలుస్తూ మాస్టారి భార్య అస్సుంతా.

"ఏదో కొద్దిగా వాయించేవాణ్ణి లెండి, గొప్పలు చెప్పుకోవడం మనకి చేతకాదు. మిలానులో నా మొదటి కచేరీ. పాట నేను కట్టిందే. కుడిచెయ్యి పియానో పైమెట్ల మీద వాన కురిపిస్తోంది, ఎడమచెయ్యి కిందమెట్ల మీద ఉరుముతోంది, నడిమధ్యన పాట దానంతటదే నడుస్తోంది. మూడో చెయ్యి ఎక్కడుందా అని జనం లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోలీసాయన వేదికెక్కి నా చేతులు లెక్కపెట్టాడు."

"ఎన్నొచ్చాయేం?" అన్నాడు అనియెల్లో.

"రెండే. నమ్మక మళ్లీ లెక్కపెట్టాడు. వియన్నా వెళ్లేసరికి ఐదన్నారు. దర్జీ ఒకడు ఐదు చేతుల కోటు కుట్టుకొచ్చాడు. వద్దంటే ఏడుస్తాడని తొడుక్కున్నా."

"మిగతా మూడింట్లో ఏం పెట్టారు మాస్టారూ?"

"ఒకదాంట్లో చేతిరుమాలు. నన్ను చెప్పనివ్వవయ్యా. ఇక పారిస్‌లో వేగం ఎంతంటే, మెట్లు కాలిపోయి, ముందువరస దొరసాని నా పియానో మీదే కాఫీ కాచుకుంది. తిరిగొచ్చి ఇక్కడ వాయించానా, మన వెసూవియస్ అగ్నిపర్వతం పొగ ఆపేసి వింది. అయిపోయాక ‘ఇంకోసారి’ అని అరిచింది చూడండీ, మూడు రోజులు ఊరంతా బూడిద ఊడ్చుకుంది."

సవేరియో గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "కొండ సంగతి వదిలెయ్యండి. ఆ మిలాను కచేరీలో నేనున్నాను. మూడు చేతులూ ఈ చెవులతో విన్నాను. మా అమ్మాయికి అదే రావాలి. అదెలాగో కాస్త చెప్పండి."

మాస్టారు గడప వైపు చూశాడు. అన్ని అబద్ధాల మధ్య ఆ ఒక్క నిజానికే సాక్షి దొరుకుతాడని ఆయన అనుకోలేదు.

"ఎలాగేముంది, ఆ చెయ్యి నాది," అంది అస్సుంతా, చిక్కుళ్ల మీంచి తలెత్తకుండానే. "స్వరాల పుస్తకం పుటలు తిప్పడానికని నన్ను పక్కన కూర్చోబెట్టారు. ఈయన రాసిందానికి ఈయన చేతులే చాలలేదు. ఈయన పొడుగు కోటు చాటునుంచి మధ్య పాట నేను వాయించా. పాట కట్టింది మాత్రం ఈయనే, అందులో కోతల్లేవు."

"చెప్పనని మాటిచ్చావు కదే," అన్నాడు మాస్టారు నీరసంగా.

"ముప్పయ్యేళ్లు మోశాను. చాల్లెండి."

అనియెల్లో పడీపడీ నవ్వాడు. సవేరియో గారు లేచి టోపీ తీశారు. "అయితే తల్లీ, సోమవారం నుంచి మీరే రావాలి."

మాస్టారి మొహం వాడిపోయింది. అస్సుంతా ఆయన వంక చూసి, ఒళ్లోని తొక్కలు దులుపుకుంది.

"వస్తాను. ఈయన్నీ తీసుకొస్తా. పుటలు తిప్పేవాళ్లుండాలిగా."