ఇసుక, అద్దం, ఆవిరి

1948 ఎండాకాలం, నేరేడుచర్ల. తుపాకులవాళ్ళు ఊళ్ళోకి దిగి రెండు రోజులైంది. బయట తాళం పడిన బియ్యం మిల్లులో, ఉప్పునీళ్ళ బావి పక్కన ముగ్గురు దాక్కున్నారు: యజమాని భార్య రుక్మిణమ్మ, బాలింత కోడలు సావిత్రి, బాయిలరు కాడ పనిచేసే కోటయ్య.

"ఇసుకల వడగడితే ఉప్పు పోదమ్మా. మురికి పోతది, గంతే."

"బొగ్గు గూడ ఏసి సూడు కోటిగా."

"బొగ్గేస్తే వాసన పోతది. ఉప్పు పోదు."

"ఏసి సూడరా! సావిత్రికి నాలుక పిడచగట్టింది. మూడు దినాల పిల్లకు పాలు పడ్తలేవు."

"ఏసి సూసిన్నమ్మా. ఒక్కపారి గాదు."

"ఎప్పుడు సూసినవ్?"

"ఎప్పుడో తియ్యుండ్రి. ఇగ ఎండ మాటకొస్తే, ఆ పై కిటికి కింద రేకు పళ్ళెంల నీళ్ళు పోసి, మీద అద్దం వాలుగ పెట్టాలె. అద్దానికి చెమట పట్టి కారుతది. అవి తియ్యటి నీళ్ళే."

"గదే చెయ్యి! ఆ లెక్కల గదిల మా మామ పటం ఉన్నది, అద్దం ఊడదీయి."

"పొద్దంత పెడితే గుక్కెడు వస్తది. బాలింతకు గుక్కెడు ఏడ సరిపోతదమ్మా?"

"మరి?"

"మరగబెట్టి ఆవిరి పట్టుడే. బందరు కాడ ఓడలల్ల సముద్రం నీళ్ళు గట్లనే చేసుకొని తాగుతరని మా పాదిరి చెప్పిండు. ఊక మంట గాదు, బొగ్గుల మీద పెడితే పొగ గూడ లేవదు. మాపటికి చెంబెడు అయితయి."

"దేంట్ల మరగబెడ్తవ్?"

"నా కుండ ఉన్నది."

"నీ కుండనా?"

"మీ బిందెలు ఇంట్ల ఉండె. మీ తియ్యబాయి కాడ తుపాకులోళ్ళు కూసున్నరు."

"అద్దమే పెట్టు కోటిగా."

"గుక్కెడమ్మా..."

"గుక్కెడైతే గుక్కెడు! బాలింత నోట్ల నీ కుండ నీళ్ళు... తెలిసి తెలిసి ఎట్ల పొయ్యాలెరా?"

"కుండల ఉన్నయి పోస్తలేనమ్మా. ఆవిరి పైకి లేసి మూతకు పడ్తది. ఆవిరికి కులమేంది?"

"మూత ఎవలది?"

"నాదే."

"సూడు మరి!"

"అత్తమ్మా, నాకు నీళ్ళు కావాలె. ఎవలియైనా సరే."

"ఊకో సావిత్రీ. దప్పిక మీద ఉన్నవ్, ఏం మాట్లాడుతున్నవో నీకే తెలుస్తలేదు."

"పిల్ల ఏడుస్తలేదత్తమ్మా. పొద్దటి సంది ఏడుస్తలేదు."

"ఏదీ... ఇటియ్యి. జర గిల్లు. పాదం గిల్లు సావిత్రీ!"

"గిల్లిన. కండ్లు తెరుస్తున్నది, నోరు తెరుస్తలేదు."

"అమ్మా, బొగ్గులు రాజెయ్యాల్నా?"

"రాజెయ్యి."

"నా కుండనే..."

"రాజెయ్యి కోటయ్యా, జల్ది రాజెయ్యి! చెంబెడు ఖాయమేనా? గుక్కెడంటివి, చెంబెడంటివి, కొలిచినట్టే చెప్తున్నవ్. ఇవన్ని నీకు ఎవలు నేర్పిన్రు?"

"ఎవలు నేర్పుతరమ్మా. మా వాడ బాయి నీళ్ళు గూడ గివే, నోట్ల పెట్టలేం. పోయినేడు మా ముత్తమ్మకు కానుపైనప్పుడు పాలు పడకపోయె. ముందుగాల ఇసుకతోని చేసిన. అది అయితలేదని అద్దం పెట్టిన. ఆవిరి సంగతి తెలిసేసరికి పిల్ల పోయె."

"అయ్యో! ఊళ్ళె మా తియ్యబాయి ఉండె గదరా. ఒక్క బిందె అడగకపోతివా?"

"అడిగిన్నమ్మా. బొక్కెన పక్కకు గుంజుకొని, ఇసుకల వడగట్టుకో పొమ్మన్నది మీరే."