ఏటికొక పూత

ఏయ్ బిడ్డా, గోడ గోకకు, పెచ్చు ఊడొస్తది. ఏంది? ఎర్రగీత, నల్లగీత, మల్ల ఎర్రగీత ఎందుకున్నదా? అది మా జంపక్క పని. మా అక్క, నాకన్న ఆరేండ్లు పెద్దది. పెనిమిటి పోయినంక పుట్టింటికి మల్లొచ్చింది. గీ ఇంట్ల ఆ అర్ర దానిది, ఈ అర్ర నాది. విత్తుల పండుగ ముందర ఏటా గోడకు ఎర్రమట్టి పూసుడు మా కోయోళ్ల పద్ధతి. ఏడాది పొడుగూత పొయ్యి పొగ పట్టి అది నల్లగైతది, దాని మీద మల్ల ఎర్రపూత. పొయ్యి రాజెయ్యకపోతే నల్లగీత పడదు, యాదుంచుకో. గా పూతలే నా కొంప ముంచినయి.

ఎనభై ఆరులనో, ఏడులనో, మా ఊరి పెద్దమడుగు ఎండింది. ఎన్నడెండలే అది, మా తాత సుత చూడలే. ఏడాది దాటినా గొడ్లకు తాగనీకె చుక్క లేదు. నేను ఎడ్లనమ్మి ఇల్లందు బొగ్గుబాయి పనికి పోదామని మూట కట్టిన. "నడువక్కా" అంటే, "మడుగునిడిసి నేను రాను పో" అంటది. మొండిది! పట్టిన కుందేటికి మూడే కాళ్లు! గప్పుడే దిగిండు వెంకటప్పయ్య సారు, మట్టి పరీక్షలు చేసేటాయన, హైదరాబాదు నుంచి జీపేసుకొని. ఎండిన మడుగు నడుమ మూడు వాసాలు నిలవెట్టి, చెయిను గట్టి, ఇనుప పైపును దడేల్ దడేల్మని భూమిలకు కొట్టిచ్చిండు. కూలికి నేనూ పోయిన. పైపు గుంజి నిలువున చీలిస్తే లోపట మట్టి, పొడుగ్గ, రంగురంగులుగ. "ఏం దొరికింది సారూ, బంగారమా?" అన్న. "కాదయ్యా, పాతకాలం వానలు" అన్నడు. వానలంట! పైపుల! ఎండకు నా నెత్తి మాడుతుంటే! నల్లమట్టి నీళ్లున్న కాలమంట, తెల్లగీత మడుగెండిన కాలమంట. నాలుగు తెల్లగీతలున్నయి.

మా అక్క కూలోళ్లకు జావ తెచ్చి, కుండ దించకుండనే అడిగింది, "అయితే సారూ, నాలుగుసార్లు చచ్చి నాలుగుసార్లు బతికిందా మా మడుగు?" "అవునమ్మా" అన్నడు. అక్కడికి ఊకోవచ్చు గద! ఊకోలే. ఇంటికి ఉరికి, గోడ పెచ్చు ఊడగొట్టి, కొంగుల పెట్టుకొచ్చింది. "ఇగో సారూ, ఇది మా అమ్మ పూసింది, ఇది నేను పూసింది. ఏటికొక గీత." పెచ్చును తెల్లగీత పక్కన ఆనిచ్చింది. గీత చిటికెనవేలంత మందం. మూడు పూతలకు సరిగ్గ సరిపోయింది. "మూడేండ్లు! ఒకటి అయిపాయె, ఇంక రెండేండ్లు ఓపిక పట్టుర్రి" అన్నది ఊరందరి ముందట. సారు నెమ్మదిగ, "అలా కాదమ్మా, మడుగు అడుగున మట్టి చాలా మెల్లగా పేరుకుంటుంది. ఆ ఒక్క గీతే అరవై, డెబ్బై ఏళ్లు" అని చెప్పిండు. ఇది ఏమన్నదో ఎరుకేనా? "నువ్వు ఎన్నడన్న గోడ పూసినవా సారూ?"

నాకు కాలింది. "ఓ తిక్కలదానా! సదువుకున్నాయన డెబ్బై ఏండ్లంటుండు. మడుగడుగు నీ గోడనా? రెండేండ్లల్ల నిండితే సగం మీసం తీసుకుంట" అన్న. గా మాట ఎందుకన్ననో! పొద్దుగాలనే బస్సెక్కిన. అది ఒక్కతి ఇక్కడ గడ్డలు తవ్వుకొని, ఇప్పపువ్వు ఉడకేసుకొని బతికింది.

ఏమైంది? రెండేండ్లకు నిండింది! లెక్క తప్పు, మాట నిజం! గిసొంటిదాంతోని ఎట్ల ఏగాలె చెప్పు? మనూరి పగిడయ్య ఇల్లందు దాక వచ్చిండు. "మడుగు నిండి పొర్లుతంది, జంపక్క రమ్మంటంది. మీసం సంగతి మర్సిపోయిందట, చెప్పమన్నది" అన్నడు. మర్సిపోతే చెప్పి పంపుతదా? నన్ను ఉడికించనీకె కాకపోతే! "వస్తతియ్" అన్న. పండుగకొస్తనన్న, పండుగెల్లింది. ఎండకాలమన్న, అదీ ఎల్లింది. సిగ్గు బిడ్డా, ఉత్త సిగ్గు. గట్ల మొత్తం తొమ్మిదేండ్లు. ఆఖరుకు జొరమొచ్చిందని కబురొస్తే ఉరికొచ్చిన. నేనొచ్చేసరికి దాన్ని మట్టి చేసి మూడొద్దులాయె.

నా అర్ర కూలి, ఎలుకలు తవ్వి ఉంటయనుకున్న. తలుపు తీస్తే అద్దమోలె ఉంది. గిదే గోడ. గీ మూలకే పెచ్చు లేసి ఉంటే, ఆ సారోలె కూసొని గోటితోని లెక్కవెట్టిన. తొమ్మిది ఎర్రయి. వాటి నడుమ నల్లయి సుత. మనిషి లేని అర్రల నల్లగీత ఎట్ల పడ్డది? తన పొయ్యి ఇడిసి, ఏటా నా పొయ్యి రాజేసింది. ఎవలు రాజెయ్యమన్నరు దాన్ని? ఎవలడిగిండ్రు?

...చెయ్యి తియ్యమన్న గద గోడ మీదకెల్లి. జావ సల్లారుతంది, తాగు.